సూర్యుడికి కరెంటు పోయిందన్నారు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. చేతిరాత ఎప్పుడూ బాగుండేది కాదు... ఇప్పుడు ఫోన్లో వేలు ఒకచోట పెడితే అక్షరం ఇంకోటి పడుతోంది.

మా చిన్నప్పుడు... మామిడికుదురు దగ్గర కాలవగట్టు మీద నాన్న సైకిలు తొక్కుతుంటే, వెనక క్యారేజీ మీద కూర్చుని బడికి వెళ్ళేవాణ్ణి. గట్టు పొడవునా కొబ్బరిచెట్లు. పొద్దుటి ఎండ ఆ మానుల సందుల్లోంచి మొహం మీద పడేది. వెలుగు... నీడ... వెలుగు... నీడ. నాన్న నెమ్మదిగా తొక్కితే కళ్ళు చెదిరి తల తిరిగేది. జోరుగా తొక్కితే ఆ తేడా తెలిసేది కాదు, అంతా ఒకటే వెలుగు.

ఒకరోజు మాస్టారు "దారిలో ఏం చూసేవురా?" అని అడిగారు.

"సూర్యుడు ఆరి వెలిగి, ఆరి వెలిగి వచ్చేడండి" అన్నాను.

"ఒరే, సూర్యుడికి కరెంటు పోయిందంటరోయ్!" అని వెనక వరసలో ఎవడో అరిచాడు. క్లాసంతా నవ్వు... మాస్టారు కూడా.

అప్పటినుంచి నాకు కనబడింది నలుగురిలో చెప్పడం మానేశాను.

మా చర్చిలో ప్రతి చరణం ముందుగా చదివి అందించేది నేనే. చదువు రానివాళ్ళు అది విని పాడతారు. పుస్తకంలో అక్షరాలు ఆనడం లేదంటే, పాట పెద్దక్షరాల్లో పడేలా ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు, దాని డబ్బా మానిటర్ నా పక్కన బల్ల మీద పెట్టారు. నేను జనం వైపు చూస్తుంటే పక్కచూపులో ఆ తెర వణికేది. తిరిగి చూస్తే నిలిచిపోయేది! చూపు పోతోందనుకున్నాను. చరణం తప్పాను... మళ్ళీ తప్పాను. పాస్టరుగారితో "గొంతు బాలేదండి" అని చెప్పి వెనక బెంచీకి వెళ్ళిపోయాను.

మొన్న మా మనవరాలు ఆ కంప్యూటర్లో పాటలు ఎక్కిస్తుంటే తోడుగా వెళ్ళాను.

"తాతయ్యా, తెరకి వీపు పెట్టి కూర్చున్నారేంటండీ? అలిగేరా?"

"అది... ఆరి వెలుగుతున్నట్టుందమ్మా" అన్నాను, నవ్వుతుందని తల దించుకుని.

నవ్వలేదు. గోడవైపు తిరిగి, ఓరగా చూసింది.

"ఆయ్, నాకూ కనబడుతోంది తాతయ్యా!"

తెర సెకనుకి అరవైసార్లు ఆరి వెలుగుతోందట. నేరుగా చూస్తే తెలియదట, పక్కచూపుకి దొరికిపోతుందట. ఏదో నొక్కి ఎనభై అయిదు చేసింది. వణుకు పోయింది... నాన్న జోరుగా తొక్కినట్టే.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేంటండీ?" అంది. ఒక్కమాటకి సిగ్గుపడి పాటే వదులుకున్నాను. ఇప్పుడు ఆ సిగ్గు ఇంకా పెద్దదైంది.

కాలవగట్టు ఇప్పుడు వెడల్పాటి రోడ్డు. చెట్లు లేవు... సూర్యుడు ఆరకుండా వస్తాడు.

పాస్టరుగారిని నా చోటు మళ్ళీ అడగాలి. నాలాగే చూసినవాళ్ళు ఇంకొకరున్నారంటే ధైర్యంగా వెళ్ళి అడుగుతాను. సైకిలు వెనక కూర్చుని ఆ వెలుగునీడలు మీరూ చూసుంటే ఒక ముక్క రాయండి... ఆదివారం లోపల రాయండి బాబూ.