ఆదివారాల గాలితుపాకి

నా మొగుడు పోయినంక ఇంట్ల ఏది చూసినా ఏడుపొచ్చేది. ఆ గాలితుపాకిని చూస్తె మాత్రం ఒళ్లు మండేది. ఎందుకు మండదు? పెండ్లయిన కాడ్నుంచి నా ఆదివారాలన్నీ మింగింది అదే. పొద్దున నాతోనే చర్చికి వచ్చేటోడు. ఇంటికొచ్చి ఇంత తిని, తుపాకిని సంచిల పెట్టి బండికి కట్టుకొని, "పిట్టలకు పోయొస్త" అని అడివి దిక్కు పోయేటోడు. దీపాలు పెట్టినంకనే మళ్ల మొఖం చూపేది. మలేరియా డిపార్ట్‌మెంటుల నౌకరి. వారమంతా ఊరూరు తిరిగి జరమొచ్చినోళ్ల ఏలు గుచ్చి నెత్తురు చుక్కలు తెచ్చుడు. ఉన్న ఒక్క ఆదివారం తుపాకికాయె. పిల్లల్లేరు మాకు. జూలూరుపాడుల రోడ్డు పక్క ఇల్లు, నేను జాకెట్లు కుడత. ఆదివారం జాకెట్లు ఇచ్చేటోళ్లు గూడ రారు. ఆ పగటిపూట ఎంత పొడుగుంటదో ఒంటిగ ఉన్నోళ్లకే ఎరుక.

"నీ సవతి బాగుందా?" అని ఎక్కిరించేదాన్ని.

"నీకన్న నయమే, దానికి నోరు లేదు" అనేటోడు.

మా మామ ఒకప్పుడు మిషన్ దవాఖానల తెల్లదొరకాడ వంట చేసేటోడట. దొర దేశం పోతు పోతు ఈ తుపాకి ఇచ్చిండట. పాతబడే కొద్ది దీని విలువ పెరుగుతదని మా ఆయన మురిసేటోడు. ఆయనేమో గుండె నొప్పని కూసున్నకాడ్నే ఒరిగిండు. తుపాకేమో గోడకు నిక్షేపంగ ఉన్నది. ఏడాది చూసిన. ధర కట్టించి అమ్మేస్తె పీడ పోతదని ఒకనాడు పాత దుప్పట్ల చుట్టి ఖమ్మం బస్సెక్కిన.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం చేతులకొస్తున్న రోజులవి. అడివిల అన్నలు, రోడ్డు మీద పోలీసులు. మా దిక్కు తుపాకి అనే మాట నోట్ల రావద్దు. కండక్టరు మూటను చూసి "ఏందమ్మా గది?" అన్నడు.

"గాలి కొట్టేదయ్యా."

సైకిల్ పంపనుకున్నడు పాపం. లగేజి కూడ అడగలే.

బజారు ఎనక సందుల తుపాకులు బాగుచేసేటాయన దుకాణం. పెద్దాయన, చెవుల అత్తరు దూది. గాలితుపాకే గనుక లైసెన్సు గిట్ల అడగలే. కిరసనాయిలు గుడ్డతోని గొట్టం మీద మెల్లగ తుడిచి భూతద్దం పెట్టి చూసిండు. తుప్పు కింద అక్షరాలు తేలినయి. "జర్మనీదమ్మా. మొదటి పెద్ద యుద్ధానికి ముందరిది" అన్నడు. గొట్టం వంచి లోపలి దిక్కు ఒక నంబరు చూపిచ్చిండు. ఏలుతోని నొక్కే గుర్రం కాడ గూడ అదే నంబరు. అంటె ఇనుమంత ఒక్క తుపాకిదే, అతుకుల బొంత కాదు. భుజానికి ఆనిచ్చే కర్ర మాత్రం మన టేకు. అసలు కర్ర ఎప్పుడో ఇరిగితె ఇక్కడి వడ్లాయనెవరో చెక్కి పెట్టిండట. "కర్ర మారితె విలువ సగం పాయె. మిగిలిన సగమన్న ఉండాలంటె మెరిపియ్యకు. ఈ నల్లటి తుప్పే దాని వయసు" అన్నడు.

దొర ముచ్చట అబద్ధం కాదన్నమాట. లోపల జరంత గర్వమయింది.

అంతల ఆయన గొట్టాన్ని కిటికీ దిక్కు పెట్టి కన్ను మూసి చూసిండు. "ఎవరు వాడిండ్రు?" అన్నడు.

"మా ఆయన. ఆదివారం ఆదివారం పిట్టలు కొట్టేటోడు."

"పిట్టలా? గుండు పోయిన గొట్టంల సీసం అంటుకొని ఉంటదమ్మా. దీంట్ల సీసం వాసనే లేదు. లోపల తోలు వాషరు నలిగింది, స్ప్రింగు నీరసపడ్డది. గుండు పెట్టకుండ కొడితెనే గిట్లయితది. ఏండ్ల సంది మీ ఆయన ఉత్తగాలే కొట్టిండు."

కొనేటాయన ఉన్నడు, ఉంచి పో అన్నడు. ఇయ్యలే. మళ్ల దుప్పట్ల చుట్టుకొని బస్సుల కూసున్న. అప్పుడు కొట్టింది నాకు దిమాక్‌కు. ఎన్నిసార్లు కౌజుపిట్టలు తెచ్చిండు, ఎన్నిసార్లు కూరొండిన! ఒక్కసారన్న పంటి కింద సీసపు గుండు తగల్లే. ఆయన కొట్టిన పిట్టలు కావవి. మరి ఎవరిచ్చిండ్రు? నల్లా కాడ ఆడోళ్లు గుసగుసలు పెట్టేది నేనినలేదా? "మలేరియా సారుకు అడివిల ఇంకో ఇల్లుందట" అని. అప్పుడు నవ్వి ఊకున్న. ఇప్పుడు నవ్వు రాలే.

ఇంటికొచ్చి దాన్ని మంచం మీద పడేసి అడిగిన, "చెప్పవే, ఎవరిదే ఆ ఇల్లు?" మనిషి లేని ఇంట్ల మన గొంతు మనకే పరాయిగ ఇనపడతది. ఆయన పోయిననాడు ఒక్కదాన్నయిన అనుకున్న. కాదు. ఎన్నడో ఒక్కదాన్నయిన, నాకే తెల్వలే అనిపిచ్చింది.

వానలు పడ్డంక ఒకనాడు నా ఈడుదే ఒకామె అడివి దిక్కు గూడెం నుంచి వచ్చి వాకిట్ల నిలబడ్డది. నుదుట పచ్చబొట్టు, చూడసక్కనిది. నల్లా కాడోళ్లు చెప్పిన ఆ ఇల్లు యాదికొచ్చింది. ఈమేనా?

"సారు ఇల్లు ఇదేనామ్మా? ఏడాది సంది రాకపాయె, సారు పోయిండని ఇప్పుడు రోడ్డు మీద చెప్పిండ్రు" అని కండ్లొత్తుకున్నది. వాళ్ల భాష కలిపి, ఆగి ఆగి మాట్లాడుతది. "ఆ గాలితుపాకి ఉన్నదా? మా కోడలికి గాలి సోకింది."

ముందు అర్థం కాలే. ఆమె చెప్పంగ చెప్పంగ మెల్లగ తలకెక్కింది. గాలితోని కొట్టేది కాబట్టి మనకు గాలితుపాకి. గాలిని కొట్టేది కాబట్టి వాళ్లకు గాలితుపాకి! చలిజరమొచ్చి వణికితె గాలి సోకింది, దయ్యం పట్టింది అంటరు. సర్కారోళ్లు వస్తె ఏలు ఇయ్యకుండ చెట్లల్లకు ఉరికేటోళ్లట. అది చూసి మా ఆయన నౌకరి లేని ఆదివారం పోయి, ఇంటి నాలుగు దిక్కుల తుపాకి పేల్చి "గాలి పోయింది, ఇగ ఏలు పట్టుండ్రి" అనేటోడట. నెత్తురు తీసుకొని గోలీలిచ్చేటోడట.

"మరి పిట్టలో?"

"మేమే ఉచ్చులేసి పట్టిచ్చినం. సారును ఉత్తచేతులతోని పంపుతమా?"

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. నేను పాస్టరు బిడ్డను. అల్లుడు తుపాకితోని దయ్యాలను కొడుతుండని తెలిస్తె మా నాయన చర్చి గడప తొక్కనిచ్చేటోడా? గందుకే దాచిండు. అయినా కట్టుకున్నదానికి చెప్పొద్దా? కోపమయితె బగ్గుమన్నది. గుండెల మీది బండ మాత్రం దిగింది.

తుపాకి పట్టుకొని ఆమెతోని ఆటోల పోయిన. గుడిసెల కోడలు గొంగడి కప్పుకొని గజగజ వణుకుతున్నది. అందరి కండ్లు నా చేతుల మీదనే. "ప్రభువా, జరసేపు అటు తిరుగు" అనుకొని గొట్టం వంచి, తలుపు దిక్కు పెట్టి గుర్రం నొక్కిన. తుస్సుమన్నది. వణుకుతున్న పిల్లకు గూడ నవ్వొచ్చింది.

"పోయిందా?" అన్నది అత్త.

"పోయింది. ఇగ లే బిడ్డా, ఆటో ఉన్నది, దవాఖానకు పోదాం."

పిల్ల గొంగడితోనే లేచింది. ఆటో ఎక్కినంక అత్త నా పక్కన కూసొని అన్నది: "సారు తుపాకి కొట్టి మా మంచం మీద కూసునేటోడు. ఎప్పుడు నీ ముచ్చట్నే. ఇంట్ల ఒక్కతే ఉంటది, జల్ది పోవాలె అనేటోడు. ఒకసారి తోలుకరా సారూ అంటే, ఆమె రాదు అనేటోడు."

ఆమె రాదట. నా తరఫున నువ్వే జవాబిచ్చినవా? ఏండ్లకేండ్లు వాకిట్ల కూసొని రోడ్డు చూసినదాన్ని, బండి ఎనక కూసొమ్మంటె కూసోకపోదునా? ఆటో సప్పుడుల ఎవరికి ఇనపడలే గని పైకే అన్న:

"ఒక్కసారన్న అడుగకపోతివి. వస్తుంటి గదయ్యా."