ముందు నడవండి

తొంభైల్లో ఒక డిసెంబరు ఉదయం రేపల్లె వెళ్లే మా బస్సు తెనాలి దాటాక ఆగిపోయింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్లు పొగమంచులో కనపడక డ్రైవరు కదలనన్నాడు. ఇంతలో చిన్న కారు నడుపుకుంటూ ఒకావిడ వచ్చి, "ఎక్కమ్మాయ్," అంది బస్సు దిగి రోడ్డు పక్కన నిలబడ్డ నాతో. ఎక్కాను.

"ఈ మంచులో ఆడవాళ్లు కారు నడపడమేంటమ్మా? రాళ్లెక్కిస్తారు!" అన్నాడు బస్సులోంచి టార్చి పట్టుకుని దిగిన పెద్దాయన.

"అయితే ఆ టార్చి వేసి మీరు ముందు నడవండి బాబాయ్ గారూ," అందావిడ.

ఆయన గొణుక్కుంటూనే నడిచాడు. ఆవిడ అద్దం దించి, తల బయట పెట్టి, ఆ వెలుతురు వెంటే కారు పోనిచ్చింది. ధాన్యం దాటాక ఆయన్నీ ఎక్కించుకుంది.

తర్వాత నేనూ కారు నేర్చుకున్నాను. ఆడవాళ్లు నడపడమేంటన్న వాళ్లకి ఇప్పటికీ టార్చి ఇచ్చి ముందు నడవమంటాను.