మొదటి వేలిముద్ర

నన్ను మితవాది అనేవారు. మెచ్చుకుంటూ అన్నవాళ్లు కొందరు, పళ్లు నూరుతూ అన్నవాళ్లు చాలామంది. చార్మినార్ దగ్గర మా తెలుగు పఠనమందిరంలో పడుచువాళ్లయితే, నేను గడప దాటగానే "గుజారిష్ సాబ్ వచ్చిండు, కుర్చీ ఎయ్యుర్రి" అనేవారు. శాసనసభలో నేను ప్రతి మాటనూ "గుజారిష్ హై" అని, అంటే మనవి చేసుకుంటున్నానని, మొదలుపెడతానట. పెట్టేవాణ్ణి, నిజమే. లోపల ఒళ్లు మండిపోతున్నా పైకి నవ్వేవాణ్ణి.

నయాపూల్ పక్కన కోర్టులో వకీలుగా కొన్నేళ్లు గడిపాక, పందొమ్మిదివందల ముప్పైల నడుమ సర్కారు నన్ను శాసనసభకు నామినేట్ చేసింది. షేర్వానీ కుట్టించుకున్నాను. తలకు దస్తార్ చుట్టుకోవడం నేర్చుకున్నాను. నలభైల్లో సీట్లు పెంచినప్పుడు మళ్లీ నన్నే కూర్చోబెట్టారు, ఎందుకంటే నేను లొల్లి చేసేవాణ్ణి కాను. ఆ సభ చేతిలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. చట్టాలు మాకు చూపించేవారు, మేము తల ఊపేవాళ్లం. కాని సవాల్ వేసే హక్కు ఒకటి ఉండేది. మెంబరు ముందుగా కాగితం మీద ప్రశ్న రాసిస్తే, మంత్రి లేచి జవాబు చదివి తీరాలి. నేను దాన్నే నమ్ముకున్నాను. అరిచినవాళ్లు జైళ్లకు పోతే, నేను రాసి రాసి జహనుమా బస్తీలో ఒక నీటి నల్లా వేయించాను. నవ్వకండి, ఆ ఒక్క నల్లాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ నల్లాతోనే పాలాయన నాకు దగ్గరయ్యాడు. జహనుమాలో బర్రెలు పెట్టుకొని పాలమ్మే పదకొండు కుటుంబాలకు ఆయన పెద్ద. నాకన్నా పదేళ్లు పైవాడు. అంతదూరం నుంచి రోజూ తానే వచ్చి మా ఇంట్లో పాలు పోసేవాడు. గిన్నె నిండాక ఇంకో గుక్కెడు పోసి, "జర నల్లా నీళ్లు కలిపిన సాబ్, మీరు తెప్పించినయే గదా" అని నన్ను ఆటపట్టించేవాడు. మా ఇంట్లో పొద్దున నవ్వు వినబడేది ఆయన వచ్చినప్పుడే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మా సంస్థానం మాత్రం ఎటూ తేలకుండా ఉండిపోయిన ఏడాది అది. ఖాకీ బట్టల వాలంటీర్లు కర్రలూ కత్తులూ పట్టుకొని బస్తీల్లో తిరిగేవారు. జహనుమాలో మొదట పాలు ఊరికే పట్టుకుపోయారు. తర్వాత ఒకరి పాడిబర్రెను తోలుకుపోయి కోశారు. ఆ తర్వాత ఇళ్లముందు నిలబడి ఆడపిల్లల్ని పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున పాలాయన క్యాను కింద పెట్టి, పాలు పొయ్యకుండా నిలబడ్డాడు.

"సాబ్, అందరం షోలాపూర్ దిక్కు పోదామనుకుంటున్నం. ఆడ మా బామ్మర్ది ఉన్నడు. బర్రెలను అమ్ముకుంటం. మీరేమంటరు?"

ఆయన నన్ను అడగకుండా వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేది.

"తొందరపడకు అన్నా," అన్నాను. "సభ కూసుంటది. నేను సవాల్ ఏస్త. మంత్రి అందరి ముందు జవాబు చెప్పాలె. ఒక్కసారి సభల పడ్డదంటే వీళ్ల ఆటలు సాగవు. ఫికర్ చెయ్యకు."

నేను ఆ మాట నమ్మే అన్నాను. నా ఖర్మ అదే.

ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు, ఇంటి ఆనవాలు, సంతకాలు లేని సవాల్‌ను పుకారని పక్కన పడేసేవారు. ఇన్నేళ్లలో నా సవాల్ ఒక్కటీ అలా పోలేదు, ఆ సంగతి నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. కాగితాలు, సిరా పట్టుకొని జహనుమాకు పోయాను. బర్రెల కొట్టం ముందు మగవాళ్లంతా చేరారు. పాలాయన భార్య అప్పుడు అక్కడ లేదు, నల్లాకు పోయింది.

"పేర్లు గిట్ల ఎందుకు సాబ్?" అన్నాడు పాలాయన. "జహనుమా పాలోళ్లు అని రాస్తే సాలదా?"

"సాలదు. పేరు లేకుంటే గాలిమాట అంటరు."

ఎవరూ ముందుకు రాలేదు. ఒకడు గడ్డి సర్దుతున్నట్టు నటించాడు. నాకు విసుగొచ్చింది. వీళ్ల కోసం నేను ఇంత పాటుపడుతుంటే వీళ్లకు ఈ భయమేంటని కోపం కూడా వచ్చింది. పాలాయనను కొట్టం వెనక్కి తీసుకుపోయి నెమ్మదిగా చెప్పాను.

"నువ్వు పెద్దోనివి. ముందుగాల నువ్వు ఎయ్యి. నిన్ను చూసి అందరు ఏస్తరు."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. బొటనవేలు పంచెకు తుడుచుకొని వచ్చి ముద్ర వేశాడు. ఆయన తర్వాత పదిమందీ వేశారు. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చొని, ఉర్దూలో, గుండ్రటి దస్తూరీతో, ఎవరి ఇల్లు ఎక్కడుందో కూడా తప్పు లేకుండా రాశాను.

విచారణ కోసం ఆ కాగితం నకలు మొహల్లా ఠాణాకు వెళ్లింది. అక్కడినుంచి ఎవరి చేతికి పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. పదిరోజుల తర్వాత, పట్టపగలు, పాలాయన పక్కింటి జట్కా సాయిబు మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన కుర్తా నిండా నెత్తురు.

"కాగజ్ పఢ్ పఢ్ కే మారే, వకీల్ సాబ్," అన్నాడు. "పెహ్లా నామ్ ఉనోంకాచ్ థా."

ఖాకీలు కాగితం చదువుతూ పాలాయనను కొట్టారు. మొదటి పేరు ఆయనదే. తక్కినవాళ్లు ఆ కేకలు విని గోడలు దూకి పారిపోయారు. ప్రాణానికి తెగించి సాయిబే ఆయనను తన బండిలో వేసుకొని దవాఖానకు చేర్చాడు. మూడోరోజు ప్రాణం పోయింది. ఆ వారంలోనే పదకొండు కుటుంబాలూ షోలాపూర్ దారి పట్టాయి. ఆయన భార్య కూడా వాళ్లతోనే పోయింది. బర్రెలు కట్టుకొయ్యల దగ్గరే అరుస్తూ ఉండిపోయాయి.

నా సవాల్‌కు జవాబు మాత్రం పద్ధతి ప్రకారం వచ్చింది. మంత్రి లేచి చదివాడు: ఫిర్యాదుదారుల్లో మొదటివాడు మరణించినాడు, మిగిలినవారు తెలిపిన చోట లేరు, కావున విచారణ ముగించడమైనది. జవాబు విన్న మెంబరు లేచి కృతజ్ఞత చెప్పుకోవడం ఆ సభ మర్యాద. నా కాళ్లు వాటంతటవే లేచాయి. "శుక్రియా" అన్నాను. కూర్చున్నాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. ఆ మాటన్న నా నోటిని ఏం చేసినా పాపం లేదనిపించింది.

మర్నాడు మెంబరు పదవికి ఇస్తీఫా రాసి పంపాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత సైన్యాలొచ్చాయి. ఖాకీలు మాయమయ్యారు. దెబ్బలు తినే వంతు ఈసారి మరొకరికి వచ్చింది. జట్కా సాయిబు ఇంటికి తాళం పడింది, ఆయన ఎటు పోయాడో నేను ఎంత వెతికినా తెలియలేదు. షోలాపూర్ పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. పాలాయన భార్య కూడా వచ్చిందని విన్నాను. నెలరోజులు పోలేకపోయాను. ఆఖరికి ఒక పొద్దున, ఇక తప్పదనుకొని పోయాను.

నలుగురు ఆడవాళ్ల నడుమ కూర్చొని ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె నాకు పీట వేయించింది.

"ఒక్క మాట అడుగుత సాబ్. మంది తలా ఒక తీరు అంటున్నరు. ఆయనను ముందుగాల ఏలు ఎయ్యమన్నదెవరు? మీరా, ఆయనే ఏసిండా?"

కొట్టం వెనక మేమిద్దరమే ఉన్నాం. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఆయనే ఏసిండమ్మా," అన్నాను. "ఎవ్వరు చెప్పకముందే."

ఆమె కళ్లు మూసుకుంది. "గట్లనే ఉంటది ఆయన పని," అంది. విన్నారా అన్నట్టు చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి వైపూ చూసింది. తర్వాత లేచి లోపలికి పోయి, గ్లాసు నిండా పాలు తెచ్చి నా చేతికిచ్చింది. నేను తాగేదాకా ఎదురుగానే నిలబడింది.