ఊరికే తిరిగే మోటరు

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా లాప్‌టాప్ ఫ్యాను హోరెత్తిపోతోంది. బ్యాటరీ అడుగంటింది. గోడకున్న ప్లగ్గులో కరెంటు లేదు. రైలు వచ్చేలోపు ఆఫీసుకు నా కోడ్‌లో ఒక మార్పు పంపాలి. పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించి కరెంటు మిగిల్చే కెర్నెల్ కోడ్, అంటే కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపించే కోడ్, రాయడమే నా ఉద్యోగం.

పక్కన కూర్చున్న పెద్దావిడ మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. సుల్తాన్ బజార్‌లో జాకెట్లు కుడతానని చెప్పింది.

"గంతగనం మొత్తుకుంటుంది, ఏం పని చేస్తుంది బిడ్డా గది?"

"ఏం లేదమ్మా. ఊరికే తెరిచి, పంపేముందు రాసింది చదువుకుంటున్న."

"మా పాత మిషన్ మోటరు గిట్లనే ఉండె. కుట్టకున్నా తిరుగుడే. కొత్తది మంచిది, కాలు తీస్తే ఆగుతది."

నాకు సిగ్గేసింది. పొద్దున ఒక పరీక్ష కోసం ప్రాసెసర్‌ను నిద్రపోనీయకుండా గరిష్ఠ వేగంలో బిగించి, తిరిగి వదలడం మరిచిపోయింది నేనే. మెషీన్లకు బుద్ధులు చెప్పి జీతం తీసుకునేదీ నేనే! వెంటనే మామూలు పద్ధతికి మార్చాను. కాసేపటికి ఫ్యాను సద్దుమణిగింది. మిగిలిన ఆ కాస్త బ్యాటరీతోనే మార్పు పంపేశాను.

"ఆగింది చూడమ్మా," అన్నాను సంబరంగా.

ఆమె నవ్వి, నా మోకాలి మీద చెయ్యి ఆనించింది. అప్పటిదాకా నా కుడికాలు ఎడతెగకుండా ఊగుతోందని నాకే తెలియదు.

"గిది గూడ జర ఆపు బిడ్డా. గీడ కుట్టనీకి బట్ట లేదు గద."

ఇప్పటికీ ఎక్కడైనా ఫ్యాను హోరు వినిపిస్తే, ముందు నా కాలు చూసుకుంటాను.