బిళ్ళ లేని మేకు

స్తెఫను తన పనిముట్ల పెట్టె మూత తీస్తే, పక్కన ఉన్నవాళ్లు చేతిలో పని ఆపి చూసేవారు. గోదావరిఖనిలో గని వర్క్‌షాపులో ముప్పైనాలుగేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. పాత టేకు పలకలు కోసి ఆ పెట్టెను తనే చేసుకున్నాడు. లోపల నల్లరంగు వేసి, ఒక్కో పనిముట్టునూ దాని చోట పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి, ఆ ఆకారం మేరకు తెల్లరంగు పూశాడు. సుత్తి వెనక తెల్లటి సుత్తి, ఆకురాయి వెనక తెల్లటి ఆకురాయి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పానాలు. వస్తువు తీస్తే తెలుపు బయటపడుతుంది. షిఫ్టు దిగేవేళకు ఎక్కడైనా తెలుపు కనబడిందంటే ఆ రోజు ఆయనకు ఇంట్లో బువ్వ సయించేది కాదు.

ఇంకో పద్ధతి కూడా పెట్టాడు. ఒక్కో పనిముట్టు పక్కన ఒక చిన్న మేకు. తన కింద పనిచేసే ఆరుగురికీ ఇత్తడి రేకు కత్తిరించి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు కొట్టి, తలా నాలుగు బిళ్ళలు చేసిచ్చాడు. పానా కావాలంటే నీ బిళ్ళ మేకుకు తగిలించి తీసుకుపో. తెచ్చి పెట్టాక నీ బిళ్ళ నువ్వు తీసుకో. "మనిషి మర్సిపోతడు గని బిళ్ళ మర్వది" అనేవాడు. తనకు మాత్రం బిళ్ళ చేసుకోలేదు. ఎవరైనా అడిగితే నవ్వేవాడు. "పెట్టె నాది. నాకెందుకురా బిళ్ళ?"

ఆ ఆరుగురిలో నాలుగో నంబరు బిళ్ళ నర్సింగానిది. ఆయనకన్నా నాలుగేళ్లు చిన్న. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకొని మొదట వచ్చేది స్తెఫను క్వార్టరుకే. క్రిస్మస్ నాడు స్తెఫను ఇంట్లో మొదటి విస్తరి నర్సింగానికే.

పదకొండేళ్ల కింద, ఈస్టర్ పండుగ మరునాడు పెట్టె తెరిస్తే ఇరవైనాలుగు నంబరు రింగు పానా లేదు. దాని ఆకారం తెల్లగా కనబడుతోంది. మేకుకు బిళ్ళ లేదు. శనివారం ఆ పానాతో పనిచేసింది నర్సింగం.

"పెట్టిన అన్నా. పెట్టినంకనే బిళ్ళ తీస్కున్న."

"మరి పానాకు కాళ్లొచ్చినయా? ఆఖర్కు నీ చేతులనే ఉండె."

"నేనేం జేస్కుంట అన్నా దాన్ని? పొయ్యిల వెట్టుకుంటనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు తన పెట్టెను చూసి నవ్వినట్టే తోచింది స్తెఫనుకు. "సంచి సూపియ్యి" అన్నాడు.

నర్సింగం సంచి బోర్లించాడు. టిఫిన్ డబ్బా మూత తీసి, అన్నం మీది పచ్చిమిరపకాయ తొక్కును కూడా వేలితో పక్కకు జరిపి చూపించాడు. తన నాలుగో నంబరు బిళ్ళలన్నీ పెట్టెలో వేసి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా వేరే గనికి బదిలీ అడుక్కున్నాడు. ఆ ఏటి దసరా నుంచి జమ్మి రాలేదు.

ఆ రాత్రి స్తెఫను భార్య సువార్తమ్మ ఒక మాట అన్నది. "ఏమయ్యా, శనివారం షిఫ్టు దిగి, మాపటీలి చర్చి గంట బోల్టు బిగించొస్తివి గదా. ఆడ మర్సినవేమో, ఓసారి ఎక్కి సూసి రారాదు."

"నేనా? మర్సుడా?" అన్నాడు స్తెఫను. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. గంట దగ్గరికి పన్నెండు మెట్ల నిచ్చెన. ఆయన ఎక్కలేదు.

సువార్తమ్మ పోయి ఏడాదైంది. మొన్న చర్చికి రంగులు వేయడానికి వచ్చిన సంపత్ ఒక వస్తువు తెచ్చి స్తెఫను చేతిలో పెట్టాడు. "గంట కింది దిమ్మె మీద ఉన్నది కాక. పావురాల గూడు తీస్తే దొరికింది. మూడు గాట్లున్నయి, నీదే గదా?"

తుప్పు పట్టిన ఇరవైనాలుగు నంబరు. పిడి మీద, తన పనిముట్లన్నిటికీ గుర్తుగా ఆకురాయితో తాను పెట్టుకున్న మూడు గాట్లు. స్తెఫను తలుపు వేసుకొని కూర్చున్నాడు. భార్య ఫొటో వైపు చూడలేకపోయాడు.

చెబితే ఎక్కడ చెప్పాలి? నలుగురిలో అన్న మాట ఇంటికెళ్లి చెవిలో వెనక్కి తీసుకుంటే చెల్లుతుందా? పొద్దున పింఛనుదారులంతా కూర్చునే చాయ్ హోటలుకే వెళ్లాడు. నర్సింగం దూరపు బల్ల మీద ఉన్నాడు. స్తెఫను ఆయన ముందు నిలబడి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "పానా దొరికింది నర్సింగం. చర్చి గంట కాడ. నేనే మర్సిన. నిన్ను దొంగను జేసిన."

"పదకొండేండ్లకు ఎక్కినవా అన్నా నిచ్చెన?" అన్నాడు నర్సింగం.

"నేను ఎక్కలే. రంగులేసే పిలగాడు ఎక్కిండు."

ఎవరో కిసుక్కున నవ్వి, చాయ్ గ్లాసులో ముఖం దాచుకున్నారు. స్తెఫను పానా ముందుకు చాచాడు. "ఇది నీ తాననే ఉండనియ్యి."

"వద్దు. ఇయ్యాల నేను ఇంటికి తీస్కపోతే, గప్పుడు నువ్వన్నది నిజమైతది." చాయ్ తాగడం ముగించి లేచాడు. "నాకు జెప్పుడు కాదే. ఆ దినం నాకన్న ముందే ఈ ముచ్చట ఇంటికి పోయింది. పా, లస్మవ్వకు జెప్పు."

నర్సింగం భార్య లస్మవ్వ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. స్తెఫను గడప బయటే నిలబడి మళ్లీ మొత్తం చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు. చివరికి తల దించుకొనే మాట్లాడింది.

"నువ్వు సంచి సూసినవు బావా. నేను బియ్యం డబ్బల చెయ్యి వెట్టి దేవులాడిన. తీస్తే తీసినవు, పోయి ఇచ్చిరా అని కాళ్లు వట్టుకున్న. ఆయన రెండు దినాలు బువ్వ ముట్టలే." ఒక అనపకాయ చేతిలోనే ఉండిపోయింది. "తప్పైందని చెప్పెటందుకు నీకు పానా దొరికింది. నాకేం దొరకాలె?"

నర్సింగం గోడకు తిరిగి చెప్పులు విప్పుతున్నాడు. విప్పడానికి అంతసేపు పట్టే చెప్పులు కావవి. "కూసో" అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. స్తెఫను నమస్కారం పెట్టి వెనక్కి వచ్చాడు.

ఇంట్లో పానాను కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు వదిలించాడు. అది తన చోట ఇప్పటికీ సరిగ్గా కూర్చుంటుంది. కానీ పెట్టలేదు, కిటికీ మీద ఉంచాడు. ఇత్తడి రేకు ముక్క వెతికి, గుండ్రంగా కత్తిరించి, అంచులు నున్నగా రాకి, ఏడు అంకె కొట్టాడు. అంకె కొంచెం వంకరగా పడింది. దాన్ని ఆ పానా చోటు పక్కనున్న మేకుకు తగిలించాడు.

తెలుపు అలా కనబడుతుండగానే, మొదటిసారి, పెట్టె మూత వేశాడు.