ఫ్రిజ్‌లో మాయమైన గొట్టాలు

ఆ రోజుల్లో పటాన్‌చెరు మందుల కంపెనీలో నేను ప్రయోగం పాడుచేసి, సార్ ముందు ఏడ్చి ఉద్యోగం నిలబెట్టుకున్నానని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. అబద్ధం. నేను ఏడవలేదు, వాదించాను. పాడుచేశానా అన్నది మాత్రం నాకే తేలలేదు.

మైక్రోట్యూబ్యూల్స్ అంటే మన కణాల లోపలుండే సన్నని గొట్టాలు. క్యాన్సర్ మందు వాటిని ఎలా పట్టుకుంటుందో చూడాలంటే ముందు వాటిని ల్యాబులో పెంచాలి. తేటగా ఉన్న ప్రొటీన్ ద్రవాన్ని సీసాలో పోసి, ఒంటివేడి ఉన్న నీళ్ళలో ఉంచితే గొట్టాలు పెరిగి ద్రవం మసకబారుతుంది. నన్ను పర్మినెంట్ చేయాలా వద్దా అన్నది ఆ మసక చూసి సార్ మధ్యాహ్నం తేలుస్తానన్నారు. (సార్ కెమిస్ట్రీ మనిషి. ప్రాణమున్నవాటితో ఆయనకు పడదు, మాతో సహా.)

పొద్దున్నే చక్కగా మసకబారింది. పక్క బల్ల దగ్గర పనిచేసే బొంతపల్లి ఊరామె (అందరం వదిన అనేవాళ్ళం) తొంగిచూసి, "పెరుగు తోడుకున్నట్టే ఉన్నది గదనే. ఇగ వేడిల ఉంచితే పులుస్తది, ఫ్రిజ్‌ల పెట్టు" అంది. ఎంత సబబుగా తోచిందో. తోడుకున్న పెరుగును ఫ్రిజ్‌లో పెట్టని ఇల్లు మా వైపు ఉందా? పెట్టేసి ఇద్దరం భోజనానికి వెళ్ళాం.

వచ్చి చూస్తే సీసాలో తేటనీళ్ళు.

"ఏంది వదినా, గొట్టాలేవి?"

"నన్నడుగుతవేంది, నేను తిన్ననా?"

అప్పుడే సార్ వచ్చి సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. "ఏం లేదు గదమ్మా ఇండ్ల. పారబొయ్యి."

"పొద్దున ఉండె సార్. వదినను అడుగుండ్రి."

వదిన తన బల్ల మీది సీసాలు సర్దుకోసాగింది.

"లేనిదాన్ని ఉన్నదని ఎట్ల రాయాలె?"

"ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్తరు సార్? జెర ఆగుండ్రి" అని సీసా లాక్కుని మళ్ళీ వేడినీళ్ళలో ముంచాను. ఏదో తెలిసి కాదు, ఒట్టి మొండితనం. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. మెల్లగా మసక వచ్చింది. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు, నావైపు కూడా చూశారు, వెళ్ళి నా పర్మినెంట్ కాగితం మీద సంతకం పెట్టారు.

చల్లబడితే ఆ గొట్టాలు విడిపోతాయని, వెచ్చబడితే మళ్ళీ కూడుకుంటాయని తర్వాత చదువుకున్నాను. ఏమీ తెలియకుండానే అంత గట్టిగా వాదించిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. కానీ ఒక్క సంగతి ఎవరైనా చెప్పండి. సార్ చూసినవి పొద్దున నేను పెంచిన గొట్టాలేనా, వేరేవా? వేరేవైతే, నన్ను పర్మినెంట్ చేసింది దేన్ని చూసినట్టు?