పెద్దబాపు వేలిరాత

ఆ రోజుల్లో "మీ ఇష్టం" అనే మాట నా నాలుక చివర ఉండేది. నాకేం ఇష్టమో చెప్పే ధైర్యం లేకపోవడాన్ని మా ఇంట్లో అణకువ అనుకునేవారు (నేనూ అలాగే అనుకున్నాను). ములుగు సంబంధం వచ్చినప్పుడూ అదే అన్నాను. అబ్బాయి మాత్రం నాకు బాగా నచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నంలోగా మా జవాబు రాకపోతే, అటువాళ్లు హనుమకొండలో ఇంకో అమ్మాయిని చూడటానికి బయల్దేరతారు. జవాబు చెప్పాల్సింది మా నాన్నకు అన్న, వరంగల్‌లో బట్టల దుకాణం నడిపే పెద్దబాపు. ఆయన లెక్కలో ఫోన్‌ మాట గాలిమాట, టైపింగ్ మర్యాద లేని పని. "సంబంధం ముచ్చట చేతిరాతతోనే పోవాలె" అన్నాడు. వేలితో గీస్తే అక్షరాలయ్యే కీబోర్డు ఉందని, నేనే ఉత్సాహంగా ఆయన ఫోన్‌లో వేసిచ్చాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

పెద్దబాపుది ముత్యాల్లాంటి రాత, కానీ తీరుబడి రాత. 'మాకు సమ్మతమే' అని రాయాలి. మ గీసి, వేలెత్తి, వంపు ఎలా వచ్చిందో చూసుకునేవాడు. దీర్ఘం ఇచ్చేలోపే ఫోన్ మ ను అచ్చువేసేసేది. ఆ తర్వాత ఇచ్చిన దీర్ఘం వేరే అక్షరమై పడేది.

"జర ఆగరాదే, నీ బస్సేమన్న పోతాందా?" అని ఫోన్‌ను కసిరాడు. తుడిచాడు, మళ్లీ రాశాడు. సరిగ్గా పడింది పైనున్న శ్రీ ఒక్కటే. అరవై ఏళ్లుగా ప్రతి కాగితం నెత్తిన రాసిన అక్షరం కదా, ఒక్క ఊపులో వచ్చేసింది. ఎన్నిసార్లు తుడిచినా దాన్ని మాత్రం ఉంచాడు (శ్రీని తుడవకూడదట). అప్పటికే ఆదివారం పన్నెండు దాటింది.

"పెద్దబాపూ, నేను రాసిస్త" అన్నాను.

"నీకెందుకు బిడ్డా ఫికర్? మీ ఇష్టం అంటివి గద!"

ఇంతలో తుడవబోయిన వేలు పంపే గుర్తు మీద పడి, ఆ శ్రీ ఒక్కటే ములుగు వెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. "నాకు ఆ పిలగాడు నచ్చిండు! ఫోన్ చెయ్యి పెద్దబాపూ!" అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. అబ్బాయి తండ్రి గొంతు స్పీకర్లో ఇల్లంతా వినబడింది.

"బావగారూ, మీ శ్రీ అందింది. కాదనేటోళ్లు శ్రీ రాసి పంపుతరా! ఇగ మేం హనుమకొండ పోతలేం."

పెద్దబాపు మీసం సవరించుకున్నాడు. నేను మేడ మీదికి పరుగెత్తాను, సాయంత్రం దాకా దిగలేదు.

నా అరుపుతో పని లేకుండానే పెళ్లి కుదిరింది. అయినా, ఆ ఒక్కసారి నోరు తెరిచిన ఆ పిల్ల అంటే నాకు ఇప్పటికీ ముద్దే.